ఊపిరి గీత

స్వరూపకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ చేతకాదు. చదువుకుని, మెదడు మీద పరిశోధన చేసే డాక్టరయ్యాక కూడా ఆ గుణం పోలేదు. ల్యాబులో టీ నిలబడే తాగుతుంది. ఫోన్ వస్తే వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ మాట్లాడుతుంది. మీటింగుల్లో పెన్ను మూత పెడుతూ తీస్తూ పక్కవాళ్ల ప్రాణం తీస్తుంది. అలాంటి మనిషి ఆరోజు అక్క మంచం పక్కన స్టూలు మీద రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అలా కూర్చోగలిగిందంటే అది దాది మీద నమ్మకం.

దాది అంటే మనిషి కాదు, వాళ్ల ల్యాబు తయారు చేసిన యంత్రం. కాగితాల మీద దానికి గజం పొడుగు పేరుంది గానీ దాన్ని ఎవరూ పలకరు. పురిటి మంచం పక్కన దాది కూర్చున్నట్టు రోగి పక్కన కూర్చుని నొప్పిని వింటుంది కాబట్టి పెద్ద డాక్టరు రామనాథం ఆ పేరు పెట్టాడు. రోగి నుదుటికి ఒక మెత్తటి పట్టీ కడతారు. ఆ పట్టీ మెదడులోంచి రెండు సంగతులు విని తెర మీద రెండు గీతలు గీస్తుంది. ఎర్రది నొప్పి గీత. నీలిది ఊపిరి గీత, అంటే ఊపిరి తీసుకో అని మెదడు వేసే కేక ఎంత గట్టిగా ఉందో చెప్పేది. ఎర్ర గీత లేచినప్పుడల్లా దాది సెలైన్ గొట్టంలోకి మార్ఫిన్ జాతి మందును కొద్దికొద్దిగా వదులుతుంది, గీత దిగగానే ఆపేస్తుంది. రోగి నోరు తెరిచి అడగక్కర్లేదు, నర్సు వచ్చేదాకా పళ్లు బిగబట్టి ఎదురు చూడక్కర్లేదు.

ఆ జాతి మందు మోతాదు మించితే ఊపిరి ఆగిపోతుందన్న సంగతి డాక్టర్లందరికీ తెలుసు, అందుకే ఇవ్వడానికి జంకుతారు. రామనాథం తల్లి క్యాన్సర్‌తో కోనసీమలో ఒక పెంకుటింట్లో అరిచి అరిచి పోయింది. అక్కడి డాక్టరు మందు సంచిలో పెట్టుకుని కూడా భయపడి సగమే ఇచ్చాడట. రామనాథం జీవితమంతా ఆ మిగతా సగం కోసమే పనిచేశాడని చెప్పొచ్చు. వందల మందిని పరీక్షించి ఆయన తేల్చింది ఏమిటంటే, మందు పడుతున్న కొద్దీ ముందు ఎర్ర గీత దిగుతుంది, నీలి గీత చాలా ఆలస్యంగా కదులుతుంది. ఆ రెంటి మధ్య బోలెడంత జాగా ఉంది. దాది ఆ జాగాలోనే తిరుగుతుంది. మొదట్లో రోగి దగ్గినా పక్కకు ఒత్తిగిలినా నీలి గీత ఊగేది, దాది కంగారుపడి మందు ఆపేసి గోల పెట్టేది, నర్సులు విసుక్కునేవాళ్లు. అందుకని ఎర్ర గీత మాటే ముందు వినమని రామనాథం, స్వరూప కలిసి దానికి నేర్పారు.

మంచం మీద ఉన్నది సాయవ్వ. స్వరూపకంటే పది పన్నెండేళ్లు పెద్ద. మంజీర ఒడ్డున రేగుంటలో ఉంటుంది. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది, హాస్టల్లో చేర్పించింది, తను మాత్రం ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండిపోయింది. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. వారం కిందట వాకిట్లో పడి తుంటి ఎముక విరిగిందని పొరుగువాళ్లు ఫోన్ చేస్తే స్వరూప కారేసుకుని వెళ్లి హైదరాబాదులో తను పనిచేసే ఆసుపత్రికే తెచ్చుకుంది. ఆపరేషన్ తర్వాత నొప్పికి దాదిని పెట్టమని కూడా తనే అడిగింది. దాదిని ఇంకా పరీక్షగా వాడుతున్న రోజులవి. పరీక్షలో చేరే ప్రతి మనిషినీ అడగాల్సిన ప్రశ్నలున్నాయి. తాగుడు అలవాటుందా, సారాయో బ్రాందీయో, నిద్రమాత్రలు మింగుతారా అని. అక్కను ఆ ప్రశ్నలు స్వరూపే అడిగింది. సాయవ్వ నొప్పిలోనూ నవ్వి, నీకేమన్న పిచ్చి లేసిందా అంది. స్వరూప కూడా నవ్వేసి తెర మీద ఫారంలో 'లేదు' అని నొక్కింది. రక్తం పరీక్షలోనూ ఏమీ లేదు.

ఎర్ర గీత ఎత్తుగా ఉంది. దాది మందు వదిలింది. గీత కాస్త వంగినట్టే వంగి మళ్లీ లేచింది. దాది మళ్లీ వదిలింది. సాయవ్వ కళ్లు మూతలు పడుతున్నాయి గానీ కనుబొమలు ముడిపడే ఉన్నాయి. స్వరూప ఎర్ర గీతనే చూస్తూ కూర్చుంది, ఎప్పుడు దిగుతుందా అని. నీలి గీత మీదికి చూపు పోయేసరికి అది అప్పటికే సగానికి పడిపోయి ఉంది. చూసి కూడా ఒక్క క్షణం నమ్మలేదు. పట్టీ జారిందేమో అనుకుంది. ఆ క్షణాన్ని తర్వాత ఆమె ఎన్నిసార్లు తలుచుకుందో లెక్కలేదు. అక్క పెదాలు వంకాయ రంగుకు తిరుగుతున్నాయి. దాది మాత్రం ఎర్ర గీత చూసి ఇంకో విడత మందు తోసింది. దాని మటుకు అది తన పని శ్రద్ధగా చేస్తోంది.

స్వరూప గొట్టం పీకేసింది. నర్సు మేరీ పరుగున వచ్చి ముక్కు మీద గాలి సంచి పెట్టి నొక్కసాగింది. విరుగుడు ఇంజెక్షన్ స్వరూపే ఎక్కించింది, సూది రెండుసార్లు తప్పింది. కాసేపటికి సాయవ్వ బావిలోంచి పైకి తేలినట్టు పెద్దగా గాలి పీల్చింది. ఆ వెంటనే అరిచింది. విరుగుడు అంటే అంతే, ఊపిరినీ తెస్తుంది, ఉన్న నొప్పినంతా ఒక్కసారిగా తెస్తుంది. అక్క అట్లా అరవడం స్వరూప ఎన్నడూ వినలేదు. బతికినందుకు సంతోషించాలో ఆ అరుపుకు ఏడవాలో తెలియక గొట్టం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

తర్వాతి రెండు రోజులూ ల్యాబులో యంత్రాన్ని విప్పి చూశారు. పట్టీ బాగానే ఉంది, మందు సరైనదే, పంపు సరిగ్గానే పనిచేసింది. మామూలు నొప్పి మాత్రలూ, నడుము దగ్గర నరానికి సూదీ ఇస్తున్నారు గానీ సాయవ్వ నొప్పి వాటికి సగం కూడా లొంగలేదు. స్వరూప ల్యాబుకీ వార్డుకీ మధ్య మెట్లు ఎక్కుతూ దిగుతూ గడిపింది. లిఫ్టు కోసం నిలబడే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది.

మూడో నాడు పొద్దున వార్డుకు వెళ్లేసరికి సాయవ్వ దుప్పటి మీద వేళ్లు కదుపుతోంది. ఎడమ చేత్తో లేని ఆకును పట్టుకుని, కుడి బొటనవేలితో చుట్టి, కొస మడిచి పక్కన పెడుతోంది. మళ్లీ ఇంకోటి. నుదురంతా చెమట. చేతులు సన్నగా వణుకుతున్నాయి. ఏమైందక్కా అంటే తునికాకులు మంచం నిండా పోసిండ్రు, ఎవలు చుట్టాలె గివన్ని అంది. మరుక్షణం తేరుకుని సిగ్గుపడింది. నొప్పికి అట్లా అవుతోందనుకుని స్వరూప, కాసేపు నిద్రపో అంది.

"నిద్ర యాడిదే? ఆబ్కారోళ్లు వచ్చి దుకాణం బంద్ వెట్టిన కాడికెల్లి కన్ను మూత వడుతలేదు. ఆ వణుకుడుకే గదా వాకిట్ల పడ్డది."

"ఏం దుకాణమే?"

"కల్లు దుకాణం. మనూర్ల ఇంకేం దుకాణం ఉంటది?"

స్వరూప మంచం అంచు మీద కూర్చుంది. నేనడిగిన గదా అక్కా తాగుతవా అని, అంది మెల్లగా. సాయవ్వ ఆమెను చిన్నపిల్లను చూసినట్టు చూసింది.

"సారా, బ్రాందీ అని అడిగినవ్. నేనేమన్న తాగుబోతునా? పొద్దూకి దుకాణం కాడ ఇంత కల్లు తాగి వస్తే చేతుల గుంజుడు తగ్గుతది, ఇంత నిద్ర వడుతది. ఊరంత తాగుతది. అది తాగుడేంది?"

అక్కను తప్పుపట్టే నోరు స్వరూపకు లేదు. తనకు మాత్రం ఎందుకు తట్టలేదు? రేగుంటలో పుట్టిన మనిషికి కల్లు అలవాట్ల లెక్కలో రాదు. బోనం నాడు పోచమ్మకు సాకగా ధార పోసేది కల్లే, బాలింతకు పోసేది కల్లే, పుట్టిన పిల్ల నాలుకకు తాకించేదీ కల్లే. మజ్జిగ తాగుతావా అని డాక్టరు అడగడు, కల్లు తాగుతానని రోగి చెప్పడు. అయితే రేగుంటలో తాటిచెట్లు ఎన్ని మిగిలాయి, రోజూ అమ్ముడుపోయే సీసాలు ఎన్ని అని ఎవరూ ఆలోచించరు. ఆ తేడాను దుకాణం వాళ్లు నీళ్లతోనూ తెల్ల పొడితోనూ పూడుస్తారు. నిద్రమాత్రల్లో ఉండే సరుకే ఆ పొడి, కాకపోతే కొలత ఉండదు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అక్క ఇరవై ఏళ్లకు పైగా ప్రతి సాయంత్రం నిద్రమందు తాగింది, తాగుతున్నానని తెలియకుండానే. దుకాణం మూసి నెల దాటింది కాబట్టి రక్తంలో దాని జాడ లేదు. మెదడులో ఉంది.

స్వరూప మెట్లు ఒకటి విడిచి ఒకటి దిగుతూ రామనాథం గదికి పరిగెత్తింది. తన ఆలోచన చెప్పింది. రోజూ సాయంత్రం ఎవరో భుజాల మీద చెయ్యేసి కిందికి నొక్కుతుంటే మనిషి కాళ్లు తన్నిపెట్టి ఎదురు నెట్టడం నేర్చుకుంటాడు. మెదడూ అంతే చేసింది. నొక్కే చెయ్యి తీసేసినా నెట్టడం మానలేదు, అందుకే ఈ వణుకు, నిద్ర లేకపోవడం, నొప్పి గీత మొండిగా దిగకపోవడం. కానీ ఊపిరి దగ్గర అట్లా కాలేదు. అక్కడ మెదడు ఎదురు నెట్టలేదు, ఏళ్ల తరబడి నొక్కుడుకు అలిసి మెత్తబడింది. మార్ఫిన్ వచ్చేసరికి గట్టిది గట్టిగానే ఉంది, మెత్తబడ్డది కుంగిపోయింది. ఆ మధ్యనున్న జాగా పోయింది సార్ అంది.

రామనాథం అంతా విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. దాదికి అనుమతి ఇచ్చే కమిటీ వచ్చే వారమే వస్తోంది. ఈ అనుమతి వాయిదా పడితే ఎన్నేళ్లు పడుతుందో, ఈలోగా ఎంతమంది తన తల్లిలా అరుస్తూ పోతారో ఆయనకు కళ్లకు కట్టినట్టు కనబడుతోంది. ఆ మాటే అన్నాడు. చివరికి గొంతు తగ్గించి, ఈ కేసు తీసేద్దామమ్మా అన్నాడు. మత్తు అలవాటున్న మనిషి మన పరీక్షకు పనికిరాని మనిషి, నియమాల్లో మొదటి నుంచీ ఉన్నదే కదా, మనం కొత్తగా చేసే మోసమేం లేదన్నాడు.

'పనికిరాని మనిషి' అన్న మాట స్వరూపకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆయన కావాలని అనలేదని తెలిసినా తగిలింది. ఆమె గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది.

"మా దిక్కు ఏ ఇంట్లో చూసినా ఒక్కరన్నా ఉంటరు సార్. రక్తంలో దొరకదు. అడిగితే లేదంటరు. అది అబద్ధం కాదు, వాళ్లకు అది లెక్కలోకే రాదు. నాకే రాలేదు. రేపు అనుమతి వచ్చినంక దాది వాళ్ల పక్కన కూచుంటది. నేను అక్కడ ఉండను గొట్టం పీకడానికి."

రామనాథం కళ్లద్దాలు తీసి తుడిచాడు, మళ్లీ తుడిచాడు. అప్పుడు, మీ వైపు నుంచే వచ్చాడు కదూ ఆ పెద్దాయన, ముత్తెన్న అన్నాడు.

స్వరూప ఆగిపోయింది. ముత్తెన్న చేతులు సన్నగా వణకడం, తను వణుకు చూసి వయసు అనుకోవడం గుర్తొచ్చాయి. కడుపు ఆపరేషన్ అయ్యాక దాది పక్కన ఉండగానే నిద్రలో పోయాడు. డెబ్బై దాటిన మనిషి, అంతకు ముందే గుండె జబ్బు ఉంది.

"గుండె అని రాశాం కదమ్మా," అన్నాడు రామనాథం. "నువ్వూ నేనూ కలిసే రాశాం."

కిటికీ బయట అంబులెన్సు ఒకటి వెనక్కి తిరగలేక హారన్ కొడుతోంది. ఆ తర్వాత ఆయన కమిటీ మాట ఎత్తలేదు. ఏం చెయ్యాలో చెప్పమన్నాడు. ఆమె దారిపొడుగునా ఆలోచించుకున్నదే చెప్పింది. దాదికి ఇలాంటి మెదడును చూపించాలి. పక్కనే ఇలాంటిది కాని మెదడు ఒకటి ఉంటే తేడా తేలిగ్గా పట్టుకుంటుంది. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే ఇంట్లో పెరిగి, ఒకరు తాగి ఒకరు తాగని మనుషులు దొరికితే అంతకంటే మంచి జత ఉండదు. అలాంటి జత ఈ ఆసుపత్రిలోనే ఉంది. రామనాథం సొంత మనుషుల మీద ప్రయోగం తగదన్నాడు, గట్టిగానే అన్నాడు. చివరికి, ఆపే మీట తన చేతిలోనే ఉండాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు.

అక్కకు చెప్పడం అంతకంటే కష్టమైంది. మందు చుక్క చుక్కగా ఎక్కిస్తామని, మధ్యమధ్య ఆపేస్తామని, ఆపినప్పుడల్లా నొప్పి పూర్తిగా లేస్తుందని, అది లేవడం యంత్రం చూడాలని స్వరూప ఏదీ దాచకుండా చెప్పింది. చెబుతున్నంత సేపూ మంచం చుట్టూ తిరుగుతూనే ఉంది. సాయవ్వ, జర నిలవడే తల్లీ నా తల తిరుగుతుంది అంది. తర్వాత అడిగింది, దీంతోటి నాకేమన్న లాభముందా అని. నీకు తక్కువనే అక్కా, నీ తర్వాత వచ్చేటోళ్లకు ఉంటది అంది స్వరూప. సాయవ్వ పైకప్పు వంక చూసింది.

"బీడీలు నేను తాగుతనా?" అంది. "చుడుతలేనా. కానియ్యి."

మర్నాడు రెండు మంచాలు పక్కపక్కన వేశారు. ఇద్దరి నుదుళ్లకూ పట్టీలు కట్టారు. గాలి సంచి, విరుగుడు సూది పట్టుకుని మేరీ నిలబడింది. సాయవ్వకు తుంటి నొప్పి ఉండనే ఉంది. స్వరూపకు నొప్పి పుట్టించాలి కాబట్టి ఆమె చెయ్యి ఐసు ముక్కలు వేసిన నీళ్ల బకెట్లో మోచేతి దాకా ముంచారు. కాసేపటికే ఎముకలు పగులుతున్నట్టు సలుపు మొదలై ఆమె మూలిగింది. సాయవ్వ తల పక్కకు తిప్పి చూసి, కోరి నొప్పి తెచ్చుకునుడేందే, గిదేనా మీ సదువు అని నవ్వింది.

రామనాథం ఇద్దరికీ ఒకే లెక్కన మందు మొదలుపెట్టాడు. ముందు ఏమీ తెలియలేదు. తర్వాత స్వరూప ఒళ్లంతా వేడి నీళ్లతో తానం చేసి కూర్చున్నట్టయింది. చెయ్యి ఐసులోనే ఉంది, చలి తెలుస్తూనే ఉంది, కానీ ఆ చలి ఎవరిదో అయిపోయింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆమెను ఒకచోట కూర్చోనివ్వని ఆ లోపలి పురుగు కూడా ఊరుకుంది. తెర మీద ఆమె ఎర్ర గీత వాలుగా దిగి పడుకుంది. నీలి గీత కదలలేదు. పక్క తెర మీద అక్క ఎర్ర గీత గోడలా నిలబడి ఉంది, నీలి గీత మెట్టు మెట్టు దిగుతోంది. రామనాథం ఆ తెర మీదికి వంగి, మీట నొక్కి సాయవ్వ మందు ఆపాడు.

ఒకే తల్లి బిడ్డలు. ఒకే గుడిసెలో ఒకే చాప మీద పడుకున్నవాళ్లు. ఆ హాయిలో తేలుతూ స్వరూపకు ఒక సాయంత్రం గుర్తొచ్చింది. పదో తరగతి పరీక్షలకు ఇంటికొచ్చి చదువుకుంటున్న రోజులు. భయానికి నిద్ర పట్టేది కాదు, గుడిసెలో తిరుగుతూనే ఉండేది. అక్క దుకాణం నుంచి లోటాలో కల్లు తెచ్చుకుంటే, ఒక్క గుక్క పొయ్యవా నిద్ర వడుతది అని అడిగింది. సాయవ్వ లోటా వీపు వెనక దాచింది. స్వరూప మీద పడి గుంజుకోబోతే చెయ్యి ఒడిసిపట్టి పక్కకు నెట్టింది, కల్లు సగం నేలపాలైంది. ఆ రాత్రి స్వరూప అక్కతో మాట్లాడలేదు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ అడగనూ లేదు.

"అప్పుడు నాకెందుకు పొయ్యలేదే?" అంది స్వరూప. మందు మత్తుకు నాలుక బరువుగా ఉంది.

ఎప్పుడని సాయవ్వ అడగలేదు. ఆమెకూ గుర్తుందన్నమాట.

"నీకు సదువుండె," అంది పళ్ల బిగువున. "అది తాగితె తెల్లారి తల పనిజెయ్యదు. నాకు తలతోటి ఏం పని, చేతులు నడిస్తె సాలు."

స్వరూప మొహం అటు తిప్పుకుంది. తన చెయ్యి బకెట్లోంచి తీసి మందు ఆపించుకుంది. ఆమె మెదడుతో ఇక పనిలేదు, దాది చూడాల్సింది చూసింది. అక్కతో మాత్రం పొద్దువాలే దాకా పనుంది. చుక్క ఎక్కించడం, నీలి గీత వంగే చోటు గుర్తు పెట్టడం, ఆపడం, ఎర్ర గీత పూర్తిగా లేచేదాకా ఆగడం, మళ్లీ చుక్క. ఆగిన ప్రతిసారీ సాయవ్వ అరిచింది. ఇక చాలని స్వరూప రెండుసార్లు రామనాథం చెయ్యి పట్టుకుంది. రెండుసార్లూ సాయవ్వే, కానీయుండ్రి సారూ, దాని మాట ఇనకుండ్రి అంది. ఆమె వేళ్లు దుప్పటి మీద లేని బీడీలు చుడుతూనే ఉన్నాయి.

సాయంత్రానికి దాది నేర్చుకుంది. ఇప్పుడది మొదటి కొద్ది చుక్కలకే మెదడు ఏ రకమో పసిగడుతుంది. నొక్కుడు తిన్న మెదడు అయితే ఎర్ర గీత మాట పక్కన పెట్టి నీలి గీత మాట వింటుంది. కమిటీ వచ్చిన రోజున రామనాథం ముత్తెన్న పేరు తనే ఎత్తాడు. గుండె కాదేమోనని, తమ యంత్రమే కావచ్చని చెప్పాడు. అనుమతి ఆగిపోయింది. దాదిని మళ్లీ మొదటి నుంచీ పరీక్షించమన్నారు, ఈసారి స్వరూప పుట్టిన వైపు ఊళ్ల నుంచి మనుషుల్ని తీసుకుని. ఆయన తిరిగొచ్చి కుర్చీలో కూలబడినప్పుడు ముసలివాడైపోయినట్టు కనిపించాడు. మా అమ్మకి ఇంకొన్నాళ్లు ఆగమని చెప్పానమ్మా అన్నాడు. వార్డులో అడిగే మొదటి ప్రశ్నను మాత్రం స్వరూప ఆ రోజే మార్చింది. తాగుడు అలవాటుందా అని కాక, పొద్దూకి ఎక్కడ కూచుంటరు, ఏం తాగుతరు అని అడగడం మొదలుపెట్టారు. జనం నవ్వుతూ చెప్పసాగారు.

ఇదంతా బాగానే ఉంది. సాయవ్వ నొప్పి సాయవ్వకే ఉంది. ఆమె మెదడు పాత దారికి రావడానికి నెలలు పడుతుంది, ఎంత వరకు వస్తుందో ఎవరూ చెప్పలేరు. నేర్చుకున్న దాదిని ఆమె పక్కన మళ్లీ పెట్టారు. అది నీలి గీత వంగే చోటుకు ముందే ఠక్కున ఆగిపోతుంది. అక్కడిదాకా వచ్చిన మందుకు నొప్పి అంచు మాత్రం అరుగుతుంది, నొప్పి పోదు. దాదికి డాక్టరు చేతి బటన్ ఒకటి ఉంది. దాది ఆగినా, పక్కనున్న డాక్టరు తన బాధ్యత మీద నొక్కితే ఒక విడత ఎక్కువ వెళుతుంది.

ఆ మధ్యాహ్నం వార్డులో ఎండ మంచం మీదికి వచ్చి పడుతోంది. కట్టు మార్చి వెళ్లారు, అందుకే నొప్పి బాగా లేచింది. దాది చుక్కలు వదిలి ఆగిపోయింది. సాయవ్వ దిండు అంచు కొరుకుతోంది. కొంతసేపు శబ్దం లేదు, తర్వాత గొంతులోంచి సన్నగా, తెరలు తెరలుగా మూలుగు వచ్చింది. స్వరూప లేచింది, కూర్చుంది, కిటికీ దాకా వెళ్లి వచ్చింది. బటన్ ఆమె చేతిలో ఉంది. ఒక్క విడత అనుకుంది. నేను పక్కనే ఉంటాను, కన్ను తిప్పను, నీలి గీత వంగితే విరుగుడు సిద్ధంగా ఉంది అనుకుంది. ముత్తెన్న పక్కన కూడా ఎవరో ఉన్నారని తెలుసు. అయినా బొటనవేలు బటన్ మీదికి వెళ్లింది. తన అక్క. ఒక్క విడత.

సాయవ్వ కళ్లు తెరిచి ఆ వేలిని చూసింది. చెయ్యి చాచింది. పట్టుకోమంటోందనుకుని స్వరూప వంగింది. సాయవ్వ ఆమె పిడికిలి విప్పి, బటన్ లాక్కుని, దాన్ని వీపు కిందికి తోసేసుకుంది.

"ఇయ్యక్కా," అంది స్వరూప. గొంతు పదో తరగతి పిల్లలా పలికింది.

"నేనియ్య. నువ్వు ఒత్తుతవు, నాకెర్కలేదా."

స్వరూప మంచం మీదికి వంగి వీపు కింద చెయ్యి పెట్టబోయింది. సాయవ్వ మణికట్టు దగ్గర ఒడిసిపట్టుకుంది. బీడీలు చుట్టి చుట్టి గట్టిపడిన చెయ్యి, ఆనాడు నెట్టినంత బలంగానే నెట్టింది. నెట్టి, వదల్లేదు. జర నా కాడ కూసో, తిరుగకు అంది.

స్వరూప కూర్చుంది. నొప్పి లేచినప్పుడల్లా ఆ పట్టు బిగుస్తోంది, మణికట్టు మీద వేళ్ల అచ్చులు పడుతున్నాయి. మందు లేదు, తేలిపోవడం లేదు, ఆమె లోపలి పురుగు తొలుస్తూనే ఉంది. అయినా ఆ మధ్యాహ్నమంతా స్టూలు మీద నుంచి లేవలేదు. తెర మీద నొప్పి గీత దిగలేదు. ఊపిరి గీత కూడా దిగలేదు.